అనుమతి యజమానికి, బంధనము పనివానికి

ఏ దేశమైనను తన ద్వారమునకు తానే కావలి. ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరిని వెలుపల నిలుపవలెను అని నిశ్చయించుకొను అధికారము ఆ దేశప్రజలది. స్వరాజ్యమును కోరి, పోరాడి, సాధించుకొన్న మనము ఇతరులకు ఈ అధికారము లేదని వాదింపజాలము. 1914లో కొమగాటమారు నౌకపై వ్యాంకూవరు రేవు చేరిన 376 మందిలో కొద్దిమందిని తప్ప తక్కినవారిని రెండు నెలలు నీటిమీదనే నిలిపి వెనుకకు మరల్చినపుడు భారతీయులు ఆగ్రహించినది కెనడాకు ద్వారమున్నందుకు గాదు; ఆ ద్వారమునకు మనుష్యుని రంగు చూచి తాళము వేసినందుకు. 2016లో ఆ దేశపు ప్రధానమంత్రి తమ పార్లమెంటునందు నిలిచి ఆ పనికి క్షమాపణ చెప్పెను. ఆ లెక్క అంతటితో తీరినదనుకొందము. నేడు మన మడుగవలసిన ప్రశ్న వేఱు. ద్వారము తెరచి తానే లోనికి పిలిచిన పనివానిని ఆ దేశము ఏ షరతుపై పిలుచుచున్నది? అతని చేతికిచ్చు కాగితముపై ఎవరి పేరు వ్రాసియున్నది?

ఇది సముద్రములకావలి గొడవ, మనకేల యని పుట త్రిప్పివేయబోవు పాఠకుడు ఒక్కసారి తన వీధిని జ్ఞాపకము చేసికొనవలెను. హైదరాబాదునందు, విజయవాడయందు, గుంటూరునందు, వరంగల్లునందు విదేశవిద్యకు దారి చూపెదమను బోర్డు లేని బజారు అరుదు. ఆ బోర్డుల క్రిందనుండి బయలుదేరి కెనడా కళాశాలలలో చదువు ముగించుకొన్న పిల్లలకు గరిష్ఠముగా మూడేండ్లు ఎవరియొద్దనైనను పనిచేయుటకు అనుమతి దొరకును. ఆ గడువు ముగియవచ్చునప్పటికి స్థిరనివాసము లభింపనివారి యిండ్లలో ఒక క్రొత్త మాట వినబడుచున్నది: ఎల్.ఎం.ఐ.ఏ. ఆంగ్లము రాని తల్లులు సైతము ఈ నాలుగక్షరములను తడబడక పలుకుచున్నారు. అది దొరకినదా, ఎవరిచ్చిరి, ఎంతకు దొరకినది అని బంధువులు ఫోనులో పరామర్శించుకొనుచున్నారు. ఎంతకు దొరకినదను ఆ ప్రశ్నయే మమ్ము ఈ విషయమునకు పురికొల్పినది. ఏలయన, చట్టము ప్రకారము ఆ కాగితమునకై పనివాడు చెల్లింపవలసినది ఒక్క డాలరైనను లేదు.

ఆ నాలుగక్షరముల భావమేమనగా, శ్రామికవిపణిపై ప్రభావమును గూర్చిన నిర్ణయము. పరదేశపు పనివానిని తాత్కాలికముగా నియమింపగోరు కెనడా యజమాని, ఈ పనికి మా దేశమున మనిషి దొరకలేదు, పరదేశిని తెచ్చినందువలన మా కార్మికుల జీతములకు, అవకాశములకు కీడు కలుగదు, అని ముందుగా తన ప్రభుత్వపు ఉపాధిశాఖకు ఋజువు చేయవలెను. అందులకై అతడు ఆ కొలువును ప్రభుత్వపు ఉద్యోగముల పట్టికలోను, మఱి రెండు మార్గములందును నాలుగు వారములకు తక్కువగాకుండ ప్రకటింపవలెను. స్థానికు లెంతమంది వచ్చిరి, వారిని ఏల తీసికొనలేదు అని చెప్పవలెను. ఆ ప్రాంతమున ఆ పనికి నడచుచున్న జీతమునకు తగ్గకుండ ఇచ్చెదనని వ్రాసి యీయవలెను. నడచుచున్న సమ్మెను భంగపరచుటకు పరదేశిని తెచ్చుటలేదని తేలవలెను. తక్కువ జీతపు కొలువైనచో పనివాని రానుపోను ప్రయాణవ్యయమును భరింపవలెను. తాళగలిగిన అద్దెకు బస చూపవలెను. స్థానిక ప్రభుత్వపు వైద్యసహాయము అందువఱకు భీమా కట్టవలెను. ఒక్కొక్క కొలువునకు వేయి డాలర్ల రుసుము. దరఖాస్తు త్రోసివేయబడినను అది తిరిగిరాదు. తోటపనులకు, సేద్యపు పనులకు మాత్రము రుసుము లేదు. ఈ సొమ్మును పనివానినుండి రాబట్టుట నిషిద్ధము. ఇంత జరిగి తీర్మానము అనుకూలమైనపిదప యజమాని దాని ప్రతిని పనివానికి పంపును. దానిని జతపరచి అతడు వలసశాఖకు పని అనుమతికై అర్జీ పెట్టుకొనును.

చదువుకొనుటకు ఇందు తప్పుపట్టదగినది స్వల్పము. ముందు నీ యింటివాని కడుపు చూడుము, తరువాత పొరుగువానిని పిలువుమని యజమానిని శాసించు ప్రభుత్వమును మేము నిందింపము. మన దేశము సైతము, అర్హులైన భారతీయులు విరివిగా దొరకు సాధారణపు పనులకు పరదేశీయులకు ఉద్యోగవీసా నొసగదు. అందుచేత పని అనుమతికి పరీక్ష యుండుట అన్యాయము గాదు. అన్యాయ మెచ్చట ప్రవేశించినదో తెలిసికొనుటకు ఈ ఏర్పాటు నడచివచ్చిన దారిని కొంత చూడవలెను.

1966లో ఆంటారియో తోటలలో పంట కోయుటకు జమైకా ద్వీపమునుండి 264 మందిని తెచ్చిరి. పని ముగియగానే వెనుకకు పోవలెనని షరతు. 1974లో మెక్సికోదేశీయులు ఆ వరుసలో చేరిరి. ఇతర వృత్తులకు 1973లో తాత్కాలికపు అనుమతుల పద్ధతి నెలకొల్పిరి. 2002లో గొప్ప చదువు, నైపుణ్యము అక్కరలేని పనులకును ద్వారము తెరచిరి. నాటినుండి ఫలహారశాలలు, మాంసము కోయు కర్మాగారములు, గోదాములు, చలిప్రాంతపు చిన్న పట్టణములలోని హోటళ్లు ఈ పనివారిపై ఆధారపడ నేర్చినవి. 2014లో స్థానికులను తొలగించి పరదేశీయులను పెట్టుకొనుచున్నారని గగ్గోలు పుట్టినది. ప్రభుత్వము ఫలహారశాలల దరఖాస్తులను కొన్నాళ్లు నిలిపివేసి, రుసుమును 275 డాలర్లనుండి వేయికి పెంచి, తక్కువ జీతపు కొలువులలో పరదేశీయులు క్రమముగా నూటికి పదిమందికి మించరాదని కట్టడి చేసెను. 2022లో, మహమ్మారి తరువాత పనివారు చాలలేదని యజమానులు మొఱపెట్టుకొనగా, ఆ పదిని ఇరువది చేసిరి. కొన్ని పరిశ్రమలకు ముప్పదియు చేసిరి. 2018లో సుమారు 1,09,000 కొలువులకు అనుమతి లభింపగా 2023లో దాదాపు 2,40,000 కొలువులకు లభించినది. ఇంతలో అద్దెలు మిన్నుముట్టి, యువకులకు పనులు కరవై, జనులు గొణుగుట మొదలిడిరి. 2024 సెప్టెంబరు 26వ తేదినుండి మరల పదికి దించిరి. నిరుద్యోగము నూటికి ఆఱు, అంతకు మించిన నగరములలో తక్కువ జీతపు దరఖాస్తులను విచారింపనే విచారింపమనిరి. అట్టి కొలువుల గడువును ఒక్క యేటికి కుదించిరి. సేద్యమునకు, వైద్యమునకు, గృహనిర్మాణమునకు మాత్రము సడలింపు లుంచిరి.

పది, ఇరువది, మరల పది! ఏతపుమ్రాను ఒకప్పుడు వంగును, ఒకప్పుడు లేచును. ఒక కొనను యజమానుల మొఱ లాగును, ఒక కొనను ఓటరుల కోపము లాగును. నీరు మోసికొని క్రిందికి మీదికి పోవు బానను అడుగువాడు లేడు. 2011నుండి 2016వఱకు ఇంకొక విచిత్రపు నిబంధన యుండెను: నాలుగేండ్లు పనిచేసిన పరదేశి మరల నాలుగేండ్లు గడచువఱకు ఆ దేశమున పనిచేయరాదు. పని నేర్చినవానిని పంపివేసి, పని నేర్వనివానిని తెచ్చుకొనుట ఏ వ్యాపారశాస్త్రమో మాకు బోధపడలేదు. ఎవరికో బోధపడియే రద్దు చేసిరి. ఈ మార్పులన్నిటిలోను మారని దొక్కటి కలదు. ఈ పద్ధతిన వచ్చు పనివానికిచ్చు అనుమతిపత్రముపై యజమాని పేరు, ఆ పని పేరు వ్రాయబడియుండును. ఆ యజమానియొద్ద ఆ పని మాత్రమే అతడు చేయవలెను.

దీని పర్యవసానమేమో నెమ్మదిగా ఆలోచింపుడు. ఎనిమిది గంటలకు జీతమిచ్చి పండ్రెండు గంటలు పని చేయించుకొన్నచో స్థానికుడు మఱునాడు మఱియొక అంగడికి పోవును. పరదేశి పోలేడు. పని మానుటకు అతనికి స్వేచ్ఛ గలదు. మఱియొకచోట పని చేయుటకు లేదు. మఱియొకచోట చేయవలెనన్న, ఆ రెండవ యజమాని నాలుగు వారములు ప్రకటించి, వేయి డాలర్లు కట్టి, ఉపాధిశాఖ తీర్మానము సంపాదించి యీయవలెను. అటుపిమ్మట పనివాడు క్రొత్త అనుమతికై అర్జీ పెట్టుకొనవలెను. ఈ నెలలన్నియు అతడు ఏమి తినవలెను? యజమాని చూపిన బసలోనే యుండువాడైనచో పని పోయిన దినముననే పైకప్పును పోవును. తోటలలో పనిచేయువారి సంగతి మఱింత సున్నితము. వచ్చు పంటకు ఎవరిని రప్పింపవలెనో తోటయజమాని పేరు పెట్టి కోరవచ్చును. పేరు పెట్టి పిలువబడగోరువాడు నోరు తెరచునా? 2020లో మహమ్మారి ప్రబలినపుడు ఆంటారియో తోటలలో మంచములు దగ్గరదగ్గరగా వేసిన సామూహికపు బసలలో రోగము వ్యాపించి మెక్సికోనుండి వచ్చిన కూలీలు ముగ్గురు మరణించిన తరువాతగాని ఆ బసలు ఎట్లున్నవో ఆ దేశపు పత్రికలు విచారింపలేదు.

మన పెద్దలకు ఇట్టి కాగితము ఒకటి పరిచితమే. 1860 నవంబరు 16వ తేదిని ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి దర్బను రేవు చేరినది. నాటినుండి 1911వఱకు తమిళులు, తెలుగువారు, ఉత్తరాదివారు వేలకొలది నేటాలు చెఱకుతోటలకు పోయిరి. అగ్రిమెంటు అను మాట వారి నోట గిర్మిట్టు అయినది. ఐదేండ్లు ఒక యజమానియొద్దనే పని. విడిచిపోయినచో నేరము, నేరమునకు చెఱసాల. 1894 ప్రాంతమున బాలసుందరమను తమిళ కూలీ యజమానిచేత కొట్టబడి, ముందరి రెండు పండ్లు విరిగి, నోట నెత్తురు కాఱుచుండగా, తలగుడ్డ చేతబట్టుకొని గాంధీగారి కార్యాలయమునకు వచ్చెను. గాంధీగారు అప్పటికి క్రొత్త న్యాయవాది. ఆయన చేసిన పని గమనింపదగినది. యజమానిని శిక్షింపజేయుటకు ఆయన ఉత్సహింపలేదు. గాయములకు వైద్యుని పత్రము తీసికొని, న్యాయాధికారియెదుట నిలిపి, బాలసుందరమును ఆ యజమానినుండి తప్పించుటకే యత్నించిరి. చట్టము ప్రకారము మార్గములు రెండే: గిర్మిట్టు రద్దగుట, లేక మఱియొక యజమానికి బదిలీయగుట. గాంధీగారు ఒక మంచి యజమానిని వెదకి పట్టుకొని దానిని బదిలీ చేయించిరి. ఈ సంగతి ఆత్మకథయందు వారే వ్రాసిరి. దెబ్బకన్న పెద్దది ముడియని, ముందు విప్పవలసినది ఆ ముడియేయని ఆయన ఆనాడే గ్రహించిరి.

నేటి అనుమతిపత్రమును నాటి గిర్మిట్టుతో సమానమని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట నేటాలునందు ఎముకలు రాల్చుకొన్నవారికి అపచారము. నేడు పని మానినవానికి చెఱసాల లేదు, కొరడా లేదు. న్యాయస్థానము కలదు, కార్మికసంఘములు కలవు, ఉల్లంఘన యొక్కొక్కదానికి లక్ష డాలర్లవఱకు, యేటికి పదిలక్షలవఱకు యజమానికి జరిమానా విధించు చట్టము కలదు, శిక్షింపబడిన యజమానుల పేర్లు బహిరంగముగా ప్రకటింపబడును. మాట నిలబెట్టుకొని, పనివానిని తమ యింటివానివలె చూచుకొన్న యజమానులును కలరు. అట్టివారి చలువచే స్థిరపడిన తెలుగు కుటుంబములును కలవు. అయినను ముడి మాత్రము ముడియే. ఐక్యరాజ్యసమితి పక్షమున సమకాలిక దాస్యరూపములను విచారించు తొమోయా ఒబొకాటాగారు 2023లో కెనడా పర్యటించి, మఱుసటి యేట ఇచ్చిన నివేదికయందు ఈ పద్ధతి నవీనదాస్యము మొలచుటకు అనువైన నేలయని వ్రాసిరి. ఆ మాటకు అచ్చటి యజమానుల సంఘములు నొచ్చుకొన్నవి. నొచ్చుకొనవలసిన మాటయే. కాని వారు చూపవలసినది ముడిని సమర్థించు న్యాయము. తమలో మంచివారి జాబితా గాదు.

ఇక ఎంతకు దొరకినదను ప్రశ్నకు వత్తము. ప్రభుత్వము ఒకరి పేర నిచ్చిన అనుమతి మఱియొకరి జీవనాధారమైనపుడు దానికి సంత పుట్టకమానదు. ఒక గృహస్థును ఊహించుకొనుడు. రెండెకరములు తనఖాపెట్టి కుమారుని కెనడా పంపినాడు. చదువు ముగిసినది, మూడేండ్ల అనుమతియు ముగియవచ్చినది. అప్పు సగమైన తీరలేదు. అప్పు డొక దళారి ఫోను చేయును. ఫలానా పట్టణమున ఒక దుకాణదారు కలడు, అతనికి ఒక కొలువునకు అనుమతి వచ్చినది, ఇన్ని వేల డాలర్లైనచో నీ కుమారుని పేరు వేయించెదను అని. ఆ దుకాణదారు తెల్లవాడే కానక్కరలేదు. తరచు మన దేశస్థుడే, ఒక్కొక్కప్పుడు మన భాషవాడే. ఆ దేశపు పత్రికలు పలుమార్లు వెల్లడించిన ధరలు పదులవేల డాలర్లు. కొన్నిచోట్ల ఆ దుకాణమున కొలువే యుండదు. కొన్నిచోట్ల కొలువుండును, జీతము బ్యాంకుద్వారా లెక్కప్రకారమే వచ్చును, మఱునాడు అందు కొంత భాగము నగదుగా యజమాని చేతికి తిరిగిపోవును. ఫిర్యాదు చేయునా? చేసినచో తానును అబద్ధపు కాగితముపై నిలిచినవాడగును. తండ్రి తనఖాపెట్టిన పొలము పోవును.

ఈ బేరమును కెనడా ప్రభుత్వము ఎఱుగకపోలేదు. స్థిరనివాసమునకు అభ్యర్థులను మార్కులు వేసి యెన్నుకొను పద్ధతిలో ఇట్టి అనుమతితో కూడిన కొలువునకు ఏబది, పెద్ద ఉద్యోగములకు రెండువందల మార్కులు కలుపుచుండిరి. ఆ మార్కులకొఱకే కాగితములను కొనుచున్నారని తెలిసికొని 2025 మార్చి 25వ తేదినుండి వానిని తీసివేసిరి. మంచిదే. దానితో బేరమునకు ఒక కాలు విరిగినది. రెండవ కాలు అట్లే యున్నది. ఆ దేశముననే నిలిచి పని చేసికొనవలసినవానికి ఇప్పటికిని యజమాని కాగితము లేనిది గతిలేదు. పైగా మార్కులను నమ్మి అప్పటికే కొనుగోలు చేసినవారి సొమ్ము నీటిపాలైనది. కొన్నవానిది తప్పుగాదా యని అడుగువారుందురు. తప్పే. అయినను తలుపునకు ఒక్కటే గొళ్లెము పెట్టి, ఆ గొళ్లెమును ఒక వ్యాపారి చేతికిచ్చి, తలుపుదగ్గర లంచము పుట్టినదని ఆశ్చర్యపడుట ప్రభుత్వమునకు తగదు.

2019 జూనులో కెనడావారు ఒక చిన్న కిటికీ తెరచిరి. యజమానిచే బాధింపబడుచున్నానని నమ్మదగిన కారణములు చూపగలిగిన పనివానికి ఎవరియొద్దనైనను పనిచేయు అనుమతిని కొంతకాలమునకు ఇచ్చుచున్నారు. ఇది బాలసుందరమునకు గాంధీగారు చేసిన మేలే, చట్టరూపమున. దీనిని మేము హర్షించుచున్నాము. కాని బాలసుందరమునకు విరిగిన పండ్లు సాక్ష్యము చెప్పినవి. జీతములో కొంత తిరిగి తీసికొనబడినవానికి సాక్ష్యమేది? నగదుకు రసీదు లేదు. తోటిపనివాడు తన కొలువు పోవునని పలుకడు. బాధను ఆంగ్లమున, కాగితములతో, గడువు ముగియకముందు ఋజువుచేయవలెను. అది గడచినపిదప మరల క్రొత్త యజమానిని, క్రొత్త కాగితమును వెదకికొనవలెను. బాధ ఋజువైన తరువాత విప్పు ముడిని మొదటనే వేయకుండుట సులభముగాదా?

కెనడా కార్మికుడు దీనివలన బాగుపడుచున్నాడా? ఆ మాటయు చూడవలెను. ఏలయన, మన పక్షమును మాత్రమే చూచుకొని పొరుగువాని నష్టమును మఱచుట వలన ఎట్టి కీడు మూడునో ఆంధ్రులకు తెలిసినట్లు మఱియెవరికిని తెలియదు. 1930లో రంగూను రేవున ఓడల సరకు దించు కూలీలు మనవారు. కోరంగి రేవునుండి పోయిన వారగుటచే అచ్చటివారు వారిని కోరంగీలనిరి. మేస్త్రీలిచ్చిన బయానాకు కట్టుబడి పోయినవారే వారిలో పెక్కుమంది. కూలి పెంచుమని వారు సమ్మె కట్టిరి. సరకు దించు గుత్తదారులు బర్మావారిని తెచ్చి పని నడపిరి. తరువాత తెలుగువారితో రాజీ కుదుర్చుకొని, బర్మావారిని పొమ్మనిరి. మే 26వ తేదిని పనికి వచ్చిన బర్మా కూలీలు తమ స్థానమున తెలుగువారిని చూచిరి. ఆ రేవున రేగిన కలహము నగరమంతట ప్రాకినది. అనేకులు, అందును మనవారే హెచ్చుగా, ప్రాణములు గోల్పోయిరి. ఇరుప్రక్కల పడినవి కూలీల శవములు. గుత్తదారుల కేమి నష్టము కలిగినదో చరిత్రలో మాకు కనబడలేదు.

కెనడాలో నేడు అట్టి కలహము లేదు, రాకూడదు. కాని స్థానిక యువకుడు పని దొరకక, ఆ అంగడిలోనున్న పరదేశిని చూచి పండ్లు కొఱుకుచున్నాడు. అతడు కోపపడవలసినది పరదేశిపై గాదు. విడిచిపోలేని పనివాడు ప్రక్కనుండగా ఏ యజమాని స్థానికునికి జీతము పెంచును? ప్రకటనలో వ్రాసిన జీతము ఇద్దరికిని ఒక్కటే. అయినను ఒకనికి పోయెదనని బెదరించు శక్తి కలదు, ఒకనికి లేదు. యజమాని ఎవరిని కోరుకొనునో చెప్పనక్కరలేదు. కావున నూటికి పదియా ఇరువదియా యని లెక్క సవరించుటవలన స్థానికునికి కలుగు రక్షణకన్న, వచ్చిన పరదేశికి కాలు కదలించు స్వేచ్ఛ నిచ్చుటవలన కలుగు రక్షణ యెక్కువ. ఇరువురి ప్రయోజనము ఇచ్చట ఒక్కటిగా నున్నది.

యజమానులు చెప్పు సమాధానమును వినిపింపకుండుట ధర్మముగాదు. మేము రుసుము కట్టితిమి, ప్రయాణము భరించితిమి, బస చూపితిమి, నెలలు కాచుకొంటిమి. దిగిన మఱునాడే మనిషి నగరమునకు పోయినచో మా గతియేమి, అందురు. మారుమూల పట్టణమున వృద్ధుల నాశ్రయించు గృహమును నడపువాని నోట ఈ మాట కేవలము నెపము గాదు. అచ్చట నిజముగానే మనుష్యులు లేరు. దీనికి ఉపాయము లేకపోలేదు. అనుమతిని ఒక యజమాని పేర గాక ఆ వృత్తికి, ఆ ప్రాంతమునకు ఇచ్చినచో, పనివాడు ఆ జిల్లాలో ఆ పని చేయు ఏ గృహమునకైనను పోవచ్చును. మనుష్యుల కొరత ఎచ్చట తీర్పదలచిరో అచ్చటనే తీరును. విడిచిపోయినవానిని చేర్చుకొన్న రెండవ యజమాని మొదటివాని వ్యయములో మిగిలిన భాగమును చెల్లింపవలెనని నియమింపవచ్చును. ఇంతమాత్రమునకు ఒక మనిషి జీవనమును మఱియొకని సంతకమునకు కట్టివేయనక్కరలేదు. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయు మనవారికి, ఆ పద్ధతిలో లోపము లెన్నియున్నను, క్రొత్త యజమాని అర్జీ దాఖలు చేసినంతనే ఆ కొలువులో చేరు సౌలభ్యము 2000 నుండి కలదు. కరీంనగరు, నిజామాబాదు జిల్లాల కూలీలకు చిరపరిచితమైన ఖతారు దేశము సైతము, పాత యజమాని సమ్మతి లేకయే పని మారవచ్చునని 2020లో చట్టము చేసినది. ఆచరణయం దది పూర్తిగా నడచుచున్నదని మేము చెప్పము. అయినను ఒక ఎడారిరాజ్యము కాగితముపైననైన ఒప్పుకొన్న దానిని పార్లమెంటు, ఓటు, స్వేచ్ఛాపత్రము గల కెనడా ఒప్పుకొనకపోవుట వింతగా నున్నది.

పరదేశము చేయవలసినదానిని చెప్పితిమి. స్వదేశము చేయవలసినది ఇంకను చేరువ. మన వలసచట్టము 1983 నాటిది. దాని తల్లి 1922 నాటిది. గిర్మిట్టుకూలీల కథ ముగిసిన వెంటనే, చదువులేని కూలీని విదేశపు వంచననుండి కాపాడుటకు ఆ మొదటి చట్టము పుట్టినది. అందుచే నేటికిని మన ప్రభుత్వపు దృష్టి పదవ తరగతి చదువనివానిపైన, గల్ఫు మొదలగు కొన్ని దేశములపైన మాత్రమే నిలిచియున్నది. కెనడా ఆ జాబితాలో లేదు, పట్టభద్రుడును లేడు. విద్యార్థిగా పోయి అచ్చటనే కూలివానిగా మారినవాని ఒప్పందమును చూచు భారతీయాధికారి యొకడును లేడు. చదువుకొన్నవాడు మోసపోడని 1922లో అనుకొనిరి కాబోలు. ఒట్టావాతో వాణిజ్యమును గూర్చి మాటలాడునపుడెల్ల ఢిల్లీవారు వీసాల సంఖ్యను గూర్చి బేరమాడుదురు. అనుమతిపత్రముపై యజమాని పేరు తీసివేయుటను గూర్చియు అంత పట్టుదలతో అడుగవలెను. అచ్చటి మన రాయబార కార్యాలయమున జీతపు తగవులు తెలిసిన న్యాయవాదిని, తెలుగు, పంజాబీ వచ్చిన గుమాస్తాను నియమించుట పెద్ద వ్యయము గాదు.

పంజాబునందు 2012లోనే విదేశప్రయాణపు దళారులకు లైసెన్సు ఉండవలెనని చట్టము చేసిరి. దానివలన మోసము లన్నియు ఆగలేదు. అయినను ఎవడు దుకాణము పెట్టినాడో అధికారులకు తెలియును, వానిని పిలిచి అడుగుటకు ఆధారము గలదు. హైదరాబాదునందలి శాసనసభయు, అమరావతియందలి శాసనసభయు ఆ చట్టమును తెప్పించి చదివి, మన బజారులలోని బోర్డులకు దానిని ఎట్లు వర్తింపజేయవలెనో ఆలోచింపవలెను. పుచ్చుకొన్న ప్రతి రూపాయికి తెలుగులో రసీదు, ఎల్.ఎం.ఐ.ఏ.కు పనివాడు ఏమియు చెల్లింపనక్కరలేదను మాట ఆ దుకాణపు గోడమీద పెద్ద యక్షరములతో; అబద్ధపు కొలువు చూపి సొమ్ము తీసికొన్నవాని ఆస్తినుండి ఆ సొమ్మును తిరిగి రాబట్టు అధికారము జిల్లా కలెక్టరునకు. ఇవి మూడును అట్టి చట్టమునం దుండవలెనని మేము కోరుచున్నాము. వచ్చు శాసనసభా సమావేశములలో దీనిని ప్రతిపాదింప నెంచు సభ్యులు మాకు వ్రాసినచో, వారి ముసాయిదాను ఈ పత్రికయందు పూర్తిగా ప్రకటింతుము.